మార్తమ్మగారిచ్చిన నీళ్ళు

కొత్తపేట, శుక్రవారం

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను. ఫోనులో చెబితే నిన్ను కంగారు పెడతానని కార్డు రాస్తున్నాను.

ఇక్కడ పెట్రోలు బంకులో నేలలో పాతిన ట్యాంకు కారి, చుట్టుపక్కల బోర్లన్నీ పాడయ్యాయి. నీళ్ళు పరీక్షకి పట్టుకోవడానికి నిన్న మార్తమ్మగారనే ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎండనపడి వచ్చానని ముందు గ్లాసు నిండా నీళ్ళిచ్చారు. ఒకటే పెట్రోలు కంపు. "ఇండుపగింజ అరగదీసేనండీ, ఎంత తేటగా ఉన్నాయో చూడండి" అన్నారు. ఆ గింజ గంధం కలిపితే వరద నీళ్ళలో బురదలా పెట్రోలూ అడుక్కి దిగిపోతుందనుకున్నారు పాపం. నేను గ్లాసు పక్కన పెట్టగానే ఆవిడ ముఖం చిన్నబోయింది. "మా ఇంట్లో తాగరు కాబోలండీ" అన్నారు. ఆ మాటకి తట్టుకోలేక రెండు గుక్కలు తాగేశాను. తరవాత "ఇవి విషమండీ, ఎవరూ తాగకండి" అంటే, "మీరూ తాగేరుగా అండీ" అని నవ్వి, నేను ఆపేలోగా మిగిలినవి మనవరాలికి పట్టేశారు. ఇక ఏ మొహం పెట్టుకుని రిపోర్టు రాయను?

నాన్నగారి మోకాలు ఎలా ఉంది? నా పాత గొడుగు బస్సులో పంపు. చెల్లికి దీవెనలు. పెరటి గోడమీద కూలీలకని విడిగా పెట్టే గ్లాసు ఇంకా ఉందా? ఉంటే తీసెయ్యమ్మా.

నీ సత్యప్రియ