మలుపులో టకటక

మంగళవారం, రాత్రి

పొద్దున తిరుపతికి పోతా ఉంటే, వడమాలపేట దాటినాక మలుపు తిరిగినప్పుడల్లా కారు ముందు చక్రంలో టకటకమని ఒకటే శబ్దం.

"ఏం శబ్దం పాపా? నాకేం వినపడలేదే" అన్నాడు నాయన. రిపేరు తప్పించుకునేదానికి బొంకుతున్నాడనుకున్నా. "నీకేమన్నా చెవుడా?" అని కసిరినా. రోడ్డు మీదే చూపు పెట్టి నడిపినాడు.

తిరుపతిలో షెడ్డు కాడ మెకానిక్ కారును ఒక రౌండు తిప్పి తెచ్చి, "చక్రం కాడ జాయింటు పోయిందన్నా. వీధంతా వినపడతా ఉండాదే, ఎట్ల నడిపినావు?" అని నవ్వినాడు. నాయనా నవ్వినాడు. కానీ ముందు నా మొగం చూసి, నేను నవ్వినాక.

అప్పుడు అర్థమయింది నాకు. టీవీ సౌండు ఎందుకు పెంచుతాడో, ఫోను మోగితే నా చేతికిచ్చి "నువ్వే మాట్లాడు" అని ఎందుకంటాడో. ప్రతిసారీ విసుక్కున్నాను కదా...

జాయింటు మార్చినారు. తిరిగొస్తా అదే మలుపులో నాయన స్టీరింగు మెల్లగా తిప్పి, నా మొగంలోకి చూసినాడు.

"పోయిందా పాపా?"

"పోయింది నాయనా!"

"ఎందుకట్ల అరుస్తావు? నాకేమన్నా చెవుడా?"

మా వెనక లారీవాడు అప్పటికి ఎంతసేపటినుంచో హారను కొడతానే ఉన్నాడు.