సుగుణ చెయ్యి ఎత్తింది

శనివారం, పడుకోబోయే ముందు

రెడ్డిగారి పాత కారు ఎట్టకేలకు షెడ్డు దాటింది. గాస్కెట్ కాలిపోతే మొన్న ఇంజన్ హెడ్ ఊడదీశాను. ఈరోజు కొత్త గాస్కెట్ వేసి, హెడ్ బిగించి, బెల్టు గుర్తులు కలిపాను. అంతవరకూ కళ్లతో పని. చివర్లో డిస్ట్రిబ్యూటర్ తిప్పి, స్పార్కు సరైన క్షణంలో పడేలా టైమింగ్ పెట్టాలంటే మాత్రం ఇంజన్ శబ్దం వినాలి. ఏడాదిగా నా చెవికి ఆ సన్నటి తేడా తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

తోటపల్లి గూడూరు నుంచి వచ్చిన రెడ్డిగారు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. నా చెయ్యి ఆడలేదు. అన్నం తెచ్చిన నా భార్య సుగుణ క్యారియర్ కింద పెట్టి, చర్చిలో పాట నడిపించేటప్పటిలా చెయ్యి ఎత్తింది. చెయ్యి లేస్తే డిస్ట్రిబ్యూటర్ ముందుకు తిప్పాను, దిగితే వెనక్కి. ఆమె పిడికిలి బిగించగానే నేను బోల్టు బిగించాను. నడుస్తున్న ఇంజన్ మీద అరచెయ్యి పెడితే అదురే లేదు.

"నీ చెవికి తిరుగులేదయ్యా," అన్నారు రెడ్డిగారు.

"చెవి ఆమెది సార్," అనేశాను. గుండె తేలికైంది.

ఇంటికొచ్చాక సుగుణను అడిగాను, నా చెవి సంగతి ఎప్పుడు తెలిసిందని.

"పోయిన క్రిస్మస్‌కే. నువ్వొక్కడివే వేరే శ్రుతిలో పాడినావు. నీ గొంతు ఎవురికీ వినపడకూడదనే గదా నేను అంత గట్టిగా పాడతా ఉండేది."

ఏడాదిగా ఆమె గొంతు మరీ పెద్దదైందని విసుక్కుంటున్నది నేనే.