తుపాకుల సభలో మన చెనక్కాయల చేను

క్లెమెంటి,
సింగపూర్.

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వు, వదిన, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేనిక్కడ బాగున్నాను. తిండికీ నిద్రకూ లోటు లేదు, దిగులు పడొద్దు. యూనివర్సిటీలో ల్యాబ్ పని సాగుతోంది. రోజూ మధ్యాహ్నం వానే, గొడుగు లేనిదే గడప దాటను.

చెనక్కాయలు పీకే పని వదిలి రాలేక, "మన తుపాకీ లైసెన్సుల రైతు సంఘం తరఫున నువ్వు పొయ్యి మన గోడు చెప్పు మే, చాలు" అన్నావు కదా. శనివారం వెళ్లాను. నాలుగైదు దేశాల తుపాకీ హక్కుల సంఘాలు కలిసి ప్రభుత్వాలకు ఒక విజ్ఞప్తి రాసుకోవడానికి ఇక్కడి హోటల్లో కూడాయి.

బయల్దేరుతుంటే మా ఇంటి ఓనరు కమలా ఆంటీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తుపాకుల మీటింగా? ఈ ఊళ్లో ఒక్క తూటా దొరికినా జైలే, లా!" అంది, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"అక్కడ తుపాకులుండవు ఆంటీ, మాటలే."

"అయితే మాటలు కూడా మెల్లగా పేల్చు" అంది.

సభలో నా వంతు వచ్చింది. ఎన్నికలని మీరందరూ తుపాకులు స్టేషన్లో అప్పగించడం, గాలిలోకి పేల్చి బెదరగొట్టే దిక్కులేక పందుల మంద మన చేను కుళ్లగించడం చెప్పాను. కెనడా నుంచి వచ్చిన ఒకాయన మధ్యలో అందుకుని, "ఇది హక్కుల సభ. పందుల గొడవ వేరే చోట చెప్పుకోవాలి" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కూర్చోబోయాను. అంతలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన లేచి, "మా కొండల్లోనూ పందులే. ఆ అమ్మాయిని పూర్తిగా చెప్పనివ్వండి" అన్నాడు.

నేను ముగించాక ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన లాయరు ఒకావిడ అడిగింది: "నీకూ తుపాకీ కావాలా?"

"వద్దండీ. ఈ ఊళ్లో ఒంటరిగా ఎంత దూరమైనా నిశ్చింతగా నడుస్తాను. మా అన్నకు మాత్రం పంట ఇంటికొచ్చేదాకా అది దగ్గరుండాలి" అన్నాను. ఉన్నమాటే చెప్పాను, ఎవరూ నొచ్చుకోలేదు.

చాలాసేపు వాదించుకున్నాక విజ్ఞప్తిలో ఒక వాక్యం చేర్చారన్నా! పంట కాపలా తుపాకీని అప్పగించమనే ముందు ఆ రైతు మాట కూడా వినాలని. దాని ఇంగ్లీషు సరిదిద్దింది ఆ కెనడా ఆయనే.

తర్వాత అందరం హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి అంగళ్లన్నీ ఒకేచోట ఉండే చోట, తిన్నాం. న్యూజిలాండ్ ఆయనకు కారం తగిలి ముఖం కందిపోయింది, అయినా ఇంకో ప్లేటు తెచ్చుకున్నాడు. ఇక్కడికొచ్చాక అంతమందితో నవ్వుతూ తినడం నాకదే మొదలు.

వదినతో చెప్పి చెనక్కాయల పొడి పంపించు, కమలా ఆంటీకి కూడా కలిపి. పెదనాన్నకు నమస్కారాలు, అమ్మ పాదాలకు మొక్కులు.

ఇంకొక కబురు. త్వరలో జరిగే ఆన్‌లైన్ సమావేశంలో నువ్వే మాట్లాడాలని ఆ సంఘాల వాళ్లు పట్టుబట్టారు. నేను పక్కనుండి తర్జుమా చేస్తాను. నెమ్మదిగా మాట్లాడు. పందుల్ని నువ్వు తిట్టే తిట్లు మాత్రం ఆ పూటకి మానుకో, వాటికి ఇంగ్లీషు నాకు రాదు.

మీ దీవెనలే అండగా,
నీ చెల్లెలు
సుజాత