ఇకపై అందరూ గారే

జూన్ 2, సోమవారం. ఉదయం 7.10
నేటి నుంచి నేను హుందా మనిషిని!
మా అమీర్‌పేట కోచింగ్ సెంటర్ డైరెక్టర్ యశస్విని మేడమ్ శనివారం తేల్చి చెప్పారు. పంజాగుట్టలో కొత్త బ్రాంచి పెడుతున్నారు. మేనేజర్ పోస్టుకి నా పేరే అనుకున్నారట, కానీ నాది బస్టాండు మాటతీరట. వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. ఆరేళ్లుగా అడ్మిషన్ల కౌన్సెలింగ్ కుర్చీలోనే అరిగిపోతున్నాను. నాకు ఈ పోస్టు కావాలి.
నియమాలు: టక్. టై. బూట్లు. అందరికీ "మీరు", "గారు". ఒరేయ్, బే నిషేధం. మినహాయింపులు లేవు.

8.40
వీడియో చూసి టై కట్టాను. విప్పడం ఎలాగో అందులో లేదు.

జూన్ 3, మంగళవారం. 9.15
టీ కొట్టు దగ్గర "రాజనర్సయ్య గారూ, దయచేసి ఒక టీ ఇప్పించగలరా?" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఫుట్‌పాత్ మీద ఉన్న బల్ల గబగబా లోపలికి లాగేశాడు. ఎవరో తనిఖీకి వచ్చారనుకున్నాడట. రోజూ అప్పు పెట్టే రవికాంత్‌నే అని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. గౌరవమంటే ఇదీ!

సాయంత్రం 7.30
విజయేందర్ వచ్చాడు. ఎనిమిదేళ్లుగా ఒకే రూములో ఉంటున్నాం. "విజయేందర్ గారూ, మీరు భోంచేశారా?" అని అడిగాను. గరిటె కింద పెట్టేశాడు. తినకుండానే బయటికెళ్ళాడు.

జూన్ 4, బుధవారం. 7.45
తనేం తప్పు చేశాడని విజయేందర్ అడిగాడు. ఏమీ లేదన్నాను.
"తప్పు జేస్తే తిట్టు భాయ్. గింత దూరం పెడ్తవా?"
మీ పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది అన్నాను. దాంతో సర్దుకుంటాడనుకున్నాను. బ్యాగు సర్దుకున్నాడు. సనత్‌నగర్‌లో వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళిపోయాడు.

జూన్ 5, గురువారం
చిన్న సవరణ: ఇంట్లో బూట్లు అక్కర్లేదు.
ఫోన్ ఎత్తడం లేదు. "గౌరవనీయులైన విజయేందర్ గారికి, తమరు ఎప్పుడు వస్తారో తెలుపగలరు" అని మెసేజ్ పెట్టాను. దండం బొమ్మ పంపాడు. ఎనిమిదేళ్లలో వాడు నాకు దండం పెట్టడం ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

జూన్ 7, శనివారం
శని, ఆదివారాలకు హుందాతనం వర్తించదు. నేనే నిర్ణయించాను. రోజంతా లుంగీ, పైన టై (ముడి ఇంకా ఊడి రాలేదు). అలవాటుకొద్దీ ఇద్దరికి సరిపడా ఉప్మా చేశాను. ఇద్దరిదీ నేనే తిన్నాను. బాగాలేదు.

జూన్ 9, సోమవారం. మధ్యాహ్నం 1.00
ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా మొదలైంది. మేడమ్‌తో పాటు మరో ఇద్దరు కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో పద్నాలుగు "గారు"లు వాడాను. మేడమ్ నవ్వారు. అంతలో తలుపు తీసుకుని విజయేందర్ వచ్చాడు. నేను మేడమ్ గదిలో ఉన్నానని సెంటర్‌లో చెప్పారట. చేతిలో రూము తాళంచెవి.
"రవికాంత్ గారు, మీ తాళంచెవి తీస్కోండి. నేను రూము ఖాళీ చేస్తున్న."
ఆ "గారు" వినగానే కుర్చీలోంచి లేచిపోయాను.
"ఒరేయ్ వెధవా, తాళం ఎవడికిస్తున్నావురా? కూర్చో బే!"
వాడు అక్కడే ఏడ్చేశాడు. నన్ను వాటేసుకున్నాడు. టై ఇంకాస్త బిగిసింది. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆరేళ్లుగా నన్ను నువ్వు అనే మనిషి, "రవికాంత్ గారూ, మీరిక వెళ్ళవచ్చు" అన్నారు.
పోస్టు పోయింది.

జూన్ 11, బుధవారం. 7.10
సెప్టెంబరులో ఇంకో బ్రాంచి పెడతారట! ఈసారి వదలను. రేపటి నుంచి మళ్ళీ మొదలు. టై, టక్, బూట్లు. అందరికీ గారు. విజయేందర్‌కి మాత్రం మినహాయింపు. (పెద్దక్షరాలతో రాసి కింద గీత గీశాను.)

7.25
మొన్ననే బ్యాగుతో తిరిగొచ్చిన వాడు నా భుజం మీంచి వంగి ఇదంతా చదివాడు. మొహం మాడ్చుకున్నాడు.
"చాయ్ అమ్మేటాయనకు సుత గారు, నాకు లేదా? నేను గంత అగ్గువనా?"
"రేపటి నుంచి" కొట్టేసి "సోమవారం నుంచి" అని రాశాను. ముందు వీణ్ణి ఏమని పిలవాలో తేలాలి.