ముందు ఒకే పళ్లచక్రం ఉన్నది

బుజ్జీ, నా మోకాలు చూపించుకోవడానికి మళ్లీ ఆసుపత్రికి వెళ్తున్నా. లేపితే నువ్వూ వస్తానంటావని లేపలేదు. పాలు కాచి పెట్టాను, తాగు.

సాయంత్రం కొట్టుకెళ్లి నీ సైకిల్‌కి గేర్ల సెట్టు తీసుకో. బ్యాటరీతో గేర్లు మారేది వద్దు, తీగతో మారేదే కొను. తీగ తెగితే ఎక్కడైనా వేస్తారు. అయితే మనం అనుకున్న రెండు పళ్లచక్రాలది కాదు, ముందు పెడళ్ల దగ్గర ఒకే పళ్లచక్రం ఉన్నది తీసుకో. రెండున్నదాంట్లో గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, నా వేగానికి తగ్గట్టు నా పక్కనే తొక్కొచ్చు అనే కదా నీ పట్టు. కానీ కంకర దారిలో దాని చైను ఊరికే జారుతుంది. ఇన్నాళ్లూ జారితే ఎక్కించడానికి నేనుండేవాణ్ణి.

నిన్న నువ్వు "నొప్పి తగ్గాక మెల్లగా తొక్కుదాంలే అన్నయ్యా" అంటే తలూపాను. డాక్టరు మెల్లగా తొక్కమనలేదమ్మా, ఇక సైకిలే ఎక్కొద్దన్నాడు. నీ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. ఇకమీదట ఆ దారుల్లో నువ్వొక్కదానివే వెళ్లాలి. అందుకే చైను జారనిది కొనమంటున్నా.

అన్నట్టు, నా సైకిల్‌కున్న సామానులో నీకు పనికొచ్చేవి విప్పుకో. పెడళ్లు ఇంకా కొత్తవే.