నన్ను మీరన్నావు

లోది,
నవంబరు పద్నాలుగు

కూతురు లొరెదానాకు,

నాన్న గౌదెంజో ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్నది. ఇక్కడ మేమూ, పశువులూ క్షేమం. నువ్వు క్షేమమేనని కళ్లారా చూశాను కాబట్టి అడగను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీకు ఆరేళ్లప్పుడు మిలాన్ పెద్ద చర్చి చూపించి, పక్కనున్న గాజు కప్పు బజారంతా నిన్ను భుజాల మీద తిప్పాను. మొన్న గురువారం మళ్లీ చూశాను. చర్చి అలాగే ఉంది. బజారులో మాత్రం చేతిసంచులకి కూడా దీపాలు పెట్టారు, దేవుడి బొమ్మలకి పెట్టినట్టు. ఒక అద్దం వెనక ఒంటి చెప్పు ఉంది. రెండోది ఏదని అడిగితే కాపలావాడు నవ్వి, "కొనేవాళ్లు అడగరు తాతా" అన్నాడు.

తర్వాత నువ్వు పనిచేసే చేతి తొడుగుల షాపుకొచ్చాను. నల్ల బట్టల్లో బాగున్నావు. నేను నోరు తెరిచేలోపే "నమస్కారమండీ, మీకేం చూపించమంటారు?" అన్నావు. వేళాకోళం అనుకున్నాను. ఇంతలో మీ షాపు పెద్దావిడ వచ్చి ఎవరని అడిగింది. "దారి తప్పి వచ్చారండీ, పెద్ద చర్చి ఎటని అడుగుతున్నారు" అన్నావు. వేలు పెట్టి దారి కూడా చూపించావు.

మన ఇంట్లో మీరు అనేది ఫాదర్నీ, పశువుల డాక్టర్నీ. నా కోటుకి కొట్టం వాసన వచ్చే ఉంటుంది. నువ్వు పెరిగింది ఆ వాసనలోనే. నేనేమన్నా తక్కువ తిన్నానా? "చాలా ఉపకారమండీ" అని టోపీ తీసి బయటికొచ్చాను.

నీకని తెచ్చిన చీజ్ ముక్క చర్చి మెట్ల మీద కూర్చున్న ఒకడికిచ్చాను. "నువ్వు మంచోడివిరా ముసలోడా" అన్నాడు. వాడికి నేను నువ్వే.

మా గడప తొక్కే రోజొస్తే మమ్మల్ని ఏమని పిలవాలో ముందే ఆలోచించుకుని రండి, లొరెదానా గారూ.

ఇట్లు,
దారి తప్పినాయన,
గౌదెంజో

తా.క.: నేను ఒక్కణ్ణే రాలేదు. మీ అమ్మ బజారు మధ్యలో, నేలలో రంగురాళ్లతో పొదిగిన ఎద్దు బొమ్మ దగ్గర నిలబడింది. "నువ్వెళ్లి పిల్లని తీసుకురా, ఈలోగా నేను మొక్కుకుంటా" అని నన్ను పంపింది. ఆ ఎద్దు వట్టల మీద కుడి మడమ ఆనించి మూడు చుట్లు తిరిగితే కోరిక తీరుతుందని అక్కడ నమ్మకం. ఆవిడా అందరిలాగే తిరిగింది. కుడి మోకాలు పనిచెయ్యదు కదా, ఎడమ మడమతో తిరిగింది. నేను ఒంటరిగా రావడం చూసి ఆవిడ మొహం పాలిపోయింది. పిల్లకి ఈ రోజు సెలవట, చీజ్ మీ షాపువాళ్లకి ఇచ్చి వచ్చానన్నాను. "కుడి మడమతో తిరగాల్సింది, చేతులారా చెడగొట్టుకున్నాను" అని అప్పట్నుంచీ తనని తనే తిట్టుకుంటోంది. ఫోన్ చేస్తే సెలవనే చెప్పు. చీజ్ బాగుందను. తప్పు తన మడమదే అనుకోనీ.