మీరు నువ్వయిన పేజీ

రఘూ,

నువ్వు పోయాక, కాలేజీలో నువ్వు చెప్పే ఇంగ్లిష్ నవల క్లాసు నాకిచ్చారు. ఇంగ్లిష్‌లో ఎవరికైనా ఒకటే 'యు' కదా. ఈ నవల తెలుగులో ఉంటే నాయిక నాయకుణ్ణి ఏ పేజీలో 'మీరు' మానేసి 'నువ్వు' అంటుందో, మాటల తీరు చూసి చెప్పమని పిల్లల్ని అడిగాను. పెళ్లయ్యాకే అన్నారు అందరూ.

"కాదు మేడమ్, కోపమొచ్చినప్పుడు అనుంటాది," అంది షాహీనా.

మన పెళ్లికి ముందు, విడవలూరు బస్టాండులో వానకు నన్ను అంతసేపు నిలబెట్టి తీరిగ్గా వచ్చావు. "ఎక్కడ చచ్చినావు నువ్వు?" అన్నాను. నువ్వు నవ్వావు.

"సార్‌ని మీరేమనేవాళ్లు మేడమ్?" అని అడిగింది షాహీనా.

"మా అత్తమ్మ ముందర మీరు," అన్నాను.

ఇంట్లో నీ ఫోటో కింద పేరుకు మీ తమ్ముడు 'గారు' తగిలించాడు. సాయంత్రం పూలదండ కాస్త కిందికి జరిపి, ఆ 'గారు' కనపడకుండా చేశాను.